గాభరా వేళ ‘నేను నేను కానట్టు’ అనిపిస్తే దేనితో కొలవాలి: స్కేళ్ల పోలిక, ఎంపిక సలహా

వైవాలో, ఉద్యోగం ఇంటర్వ్యూలో, స్టేజీ మీద, కిక్కిరిసిన బస్సులో గాభరా ముదిరినప్పుడు కొందరికి ఒక వింత అనుభూతి కలుగుతుంది. మాట్లాడుతున్న గొంతు తనది కానట్టు, తనను తాను పక్కనుంచి చూసుకుంటున్నట్టు, చేతులు వాటంతటవే కదులుతున్నట్టు ఉంటుంది. దీన్ని డీపర్సనలైజేషన్ అంటారు. చుట్టూ ఉన్న మనుషులు, గోడలు, వెలుతురు నిజం కానట్టు తోస్తే అది డీరియలైజేషన్. రెండూ జంటగా వస్తాయి కాబట్టి చాలా స్కేళ్లు, అంటే ప్రశ్నలడిగి మార్కులేసే కొలతలు, కలిపే అడుగుతాయి. ఇది అరుదైన సంగతేమీ కాదు. జీవితంలో ఎప్పుడో ఒకసారి క్షణకాలమైనా ఇలా అనిపించినవాళ్లు సర్వేలను బట్టి 26 నుంచి 74 శాతం దాకా ఉన్నారు. జబ్బు స్థాయికి చేరేది 1 నుంచి 2 శాతం. పానిక్ అటాక్‌కు (హఠాత్తుగా కమ్మేసే తీవ్ర భయానికి) మానసిక జబ్బుల నిర్ధారణ పుస్తకం డీఎస్ఎమ్-5 చెప్పే 13 లక్షణాల్లో ఇదీ ఒకటి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సైకాలజీ ప్రాజెక్టు చేసే విద్యార్థులు, కాలేజీ కౌన్సెలర్లు, ఆసుపత్రుల్లో పనిచేసే సైకాలజిస్టులు, ఈ బాధ తమకే ఉన్నవాళ్లు అడిగేది ఒకటే: ఏ స్కేలు వాడాలి? దానికి జవాబు చెప్పేముందు ఇంకో ప్రశ్న తేలాలి. కొలవాల్సింది ఆ మనిషికి ఆర్నెల్లుగా ఉన్న అలవాటునా, ఆ పది నిమిషాల్లో జరిగినదాన్నా? మొదటిదానికి చేసిన స్కేలుతో రెండోదాన్ని కొలిస్తే అంకె వస్తుంది కానీ అది తప్పుదారి పట్టిస్తుంది. ఎలాగో లెక్కతో సహా చూద్దాం.

కేంబ్రిడ్జ్ స్కేలు ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ జారిపోతుంది

ఈ రంగంలో అందరికన్నా ముందు వినిపించే పేరు కేంబ్రిడ్జ్ డీపర్సనలైజేషన్ స్కేలు, పొట్టిగా సీడీఎస్. సియెర్రా, బెర్రియోస్ 2000లో ప్రచురించారు. 29 ప్రశ్నలు. గత ఆరు నెలల గురించి అడుగుతుంది. ప్రతి అనుభూతికీ రెండు జవాబులు: ఎంత తరచుగా వస్తుంది, 0 నుంచి 4, వస్తే ఎంతసేపు ఉంటుంది, 1 నుంచి 6. ఈ రెండో కొలతలో 1 అంటే కొన్ని క్షణాలు, 2 కొన్ని నిమిషాలు, 3 కొన్ని గంటలు, 6 అయితే వారానికి పైనే. రెండూ కలిపితే ప్రశ్నకు గరిష్ఠంగా 10, మొత్తం 290. 70 దాటితే జబ్బు ఉండొచ్చని అనుమానించి వివరంగా ఇంటర్వ్యూ చేయాలి.

ఇప్పుడు ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని తీసుకోండి. సెమినార్ ఇచ్చిన ప్రతిసారీ అతనికి ఈ అనుభూతి భరించలేనంతగా వస్తుంది. అయినా ఆర్నెల్లలో సెమినార్లు నాలుగైదే, వచ్చినా ఉండేది కొన్ని నిమిషాలే. 12 ప్రశ్నలకు ‘అరుదుగా’ 1, ‘కొన్ని నిమిషాలు’ 2 అని రాస్తాడు. మొత్తం 36. కటాఫ్‌లో సగం. కాగితం ప్రకారం అతనికి ఏమీ లేదు. అతనేమో ఆ భయంతో సెమినార్ రోజున కాలేజీకే వెళ్లడు. సీడీఎస్‌లో లోపమని దీన్ని అనుకోకూడదు. రోజుల తరబడి వదలని డీపర్సనలైజేషన్‌ను పట్టుకోవడానికే దాన్ని తయారుచేశారు. ఎంత తీవ్రంగా వచ్చిందో అది అడగదు. ఎంత తరచుగా, ఎంతసేపు అనే అడుగుతుంది.

కాబట్టి గాభరా సందర్భాల్లో కొలిచేటప్పుడు సీడీఎస్‌ను ముందు ఒకసారి ఇచ్చి పక్కన పెట్టుకోవాలి. ఎప్పుడూ ఉండే మోతాదు ఎంతో తెలుస్తుంది. ఆ రోజు జరిగినదాన్ని కొలిచే పని దాని మీద పెట్టకూడదు.

దీనికి రెండే ప్రశ్నల చిన్న రూపం ఉంది, సీడీఎస్-2. 0 నుంచి 6 మార్కులు, 3 వస్తే ముందుకు వెళ్లి వివరంగా అడగాలి. ఓపీలో, కాలేజీ స్క్రీనింగ్‌లో సమయం లేనప్పుడు చక్కటిది. ఒక్క జాగ్రత్త. ఇందులో మొదటి ప్రశ్న ‘ఏ కారణమూ లేకుండా, ఉన్నట్టుండి’ అన్న భావంతో మొదలవుతుంది. ఇంటర్వ్యూలో మాత్రమే వచ్చేవాడు ‘కారణం లేకుండా రాదు కదా’ అనుకుని సున్నా పెడతాడు. నోటితో అడిగేటప్పుడు ప్రశ్న మార్చకండి. స్కోరు రాసుకున్నాక ‘మరి గాభరాగా ఉన్నప్పుడు వస్తుందా?’ అని విడిగా అడిగి, ఆ జవాబు పక్కన రాసుకోండి.

డీఈఎస్: సులువుగా దొరుకుతుందని తీసుకోకండి

డిసోసియేటివ్ ఎక్స్‌పీరియన్సెస్ స్కేలును (డీఈఎస్) బెర్న్‌స్టీన్, పుట్నమ్ 1986లో తెచ్చారు. 28 ప్రశ్నలు, ప్రతిదానికీ 0 నుంచి 100 శాతం, చివర సగటు. ఆన్‌లైన్లో ఉచితంగా దొరుకుతుంది కాబట్టి విద్యార్థుల చేతికి మొదట వచ్చేది ఇదే. మన పనికి నప్పనిదీ ఇదే. ఇందులో డీపర్సనలైజేషన్, డీరియలైజేషన్ గురించి అడిగేవి ఆరు ప్రశ్నలే. మిగతావాటిలో మరుపు, ఊహల్లో మునిగిపోవడం, ప్రయాణంలో దారి గుర్తులేకపోవడం లాంటివి ఎక్కువ. పలాస నుంచి శ్రీకాకుళం రోజూ బస్సులో తిరిగే మనిషికి దారి గుర్తుండకపోవడంలో వింతేముంది? మొత్తం సగటు చూసి ‘డిసోసియేషన్ (తన నుంచి, జ్ఞాపకాల నుంచి, చుట్టూ ఉన్నవాటి నుంచి తెగిపోవడం) ఎక్కువ’ అని రాస్తే ఆ మనిషికి అన్యాయం చేసినట్టే. వాడక తప్పకపోతే ఆ ఆరు ప్రశ్నల సగటు విడిగా చూపండి.

మరో సంగతి. ఉత్తరాంధ్రలో అమ్మవారి సంబరాల్లో పూనకం రావడం మామూలే. ఊరంతా ఒప్పుకున్న ఆచారంలో, ఆ వేళకే వచ్చి, తర్వాత మనిషి తన పనిలో పడిపోతే దాన్ని ఈ స్కేళ్ల లెక్కలో కలపకూడదు. ‘పండగలో, పూజలో వచ్చినవి వదిలేసి మిగతా రోజుల గురించి చెప్పండి’ అని స్కేలు మొదలుపెట్టేముందే ఒక వాక్యం చెప్పండి.

ఆ క్షణాన్ని కొలిచేది క్యాడ్స్

క్లినీషియన్ అడ్మినిస్టర్డ్ డిసోసియేటివ్ స్టేట్స్ స్కేలు, పిలిచే పేరు క్యాడ్స్. బ్రెమ్నర్ బృందం 1998లో ప్రచురించింది. మిగతావాటికి దీనికి తేడా ఒక్క మాటలో ఉంది: ‘ఇప్పుడు, ఈ క్షణంలో’ అని అడుగుతుంది. మొదటి రూపంలో 27 అంశాలు. అందులో 19 మనిషిని అడిగేవి, 8 అడిగేవారు గమనించి రాసుకునేవి. ప్రతిదానికీ 0 నుంచి 4. అడిగే 19లో డీపర్సనలైజేషన్‌కు 5, డీరియలైజేషన్‌కు 12, మరుపుకు 2. అంటే డీపర్సనలైజేషన్ భాగం 0–20, డీరియలైజేషన్ 0–48, మరుపు 0–8. మూడూ కలిపి 76.

ఆందోళన పుట్టించే పరీక్షకు ముందూ తర్వాతా కొలవడానికి, ఉన్న స్కేళ్లలో మేము మొదట సూచించేది ఇదే. దీన్ని ఎంచుకునేవారు మూడు చిక్కులకు సిద్ధపడాలి.

మొదటిది, సగటు ఆరోగ్యవంతుడి స్కోరు సున్నాకు దగ్గరగా ఉంటుంది. 40 మందిని తీసుకుంటే 30 మంది 0, 1 దగ్గరే ఆగిపోవచ్చు. అప్పుడు సగటు, సగటులను పోల్చే టీ-పరీక్ష ఆధారంగా తీర్మానాలు నిలవవు. మధ్యమం (వరుసలో నడిమి స్కోరు) చూపండి, సగటు మీద ఆధారపడని విల్కాక్సన్ లాంటి గణాంక పరీక్ష వాడండి, ఎంతమందికి స్కోరు పెరిగిందో విడిగా చెప్పండి.

రెండోది, రంగులు మారడం, శబ్దాలు వింతగా వినిపించడం, కాలం నెమ్మదించడం లాంటి అంశాలు ఎక్కువ. కెటమిన్ (ఒక మత్తుమందు) లాంటి మందుల పరిశోధనల్లో క్యాడ్స్ బాగా వాడటానికి కారణం అదే. ఐదు నిమిషాల సెమినార్ గాభరాలో రంగులు మారవు. కాబట్టి మొత్తం స్కోరు వెనక దాక్కోకుండా, ఐదు ప్రశ్నల డీపర్సనలైజేషన్ భాగాన్ని ముందే ప్రధాన కొలతగా ప్రకటించుకోండి. ఫలితం చూశాక ఏది పెరిగితే అది ఎంచుకోవడం మోసం కిందే లెక్క.

మూడోది, గమనించి రాసే 8 అంశాలకు శిక్షణ కావాలి. మనిషి బిగుసుకుపోయి కూర్చున్నాడా, సిగ్గుతో తల దించుకున్నాడా అన్నది కొత్తవాళ్లకు తెలియదు. ఇద్దరు విడివిడిగా మార్కులేసి, ఎంతవరకు ఒకేలా వచ్చాయో చూడలేని పరిస్థితైతే ఆ 8 వదిలేసి, వదిలేశామని రిపోర్టులో రాయడం మేలు.

ప్రమాదం, విపత్తు తర్వాత పీడీఈక్యూ

2018 అక్టోబరు 11న తీరం దాటిన తిత్లీ తుఫాను రాత్రి, 2023 అక్టోబరు 29న కంటకాపల్లి దగ్గర రైళ్లు ఢీకొన్న ఘటన లాంటివి వేరే కోవ. అక్కడ ముందు కొలత ఉండదు. జరిగినప్పుడు ఎలా అనిపించిందో తర్వాత అడగాలి. పెరిట్రామాటిక్ డిసోసియేటివ్ ఎక్స్‌పీరియన్సెస్ ప్రశ్నావళి (పీడీఈక్యూ) ఇందుకే: 10 ప్రశ్నలు, 1 నుంచి 5, మొత్తం 10 నుంచి 50. కనిష్ఠం 10 అన్నది మర్చిపోయి ‘10 వచ్చింది, కొంచెం ఉన్నట్టే’ అనేస్తుంటారు. 10 అంటే ఏమీ లేదని.

వైవాకు, ఇంటర్వ్యూకు దీన్ని వాడకండి. ప్రాణభయం ఉన్న ఘటన కోసం రాసిన ప్రశ్నలవి. ఘటన జరిగిన ఒకటి రెండు రోజులకే శిబిరంలో కూర్చోబెట్టి అడగడం కూడా తగదు. తిండి, నిద్ర, అయినవాళ్ల ఆచూకీ ముందు. ఎప్పుడు అడిగారో తేదీతో రాయండి; నెలలు గడిచేకొద్దీ జ్ఞాపకం మారుతుంది, ఇప్పుడున్న బాధే అప్పటి అనుభవానికీ రంగు వేస్తుంది.

సొంత కార్డు: ఐదు ప్రశ్నలు, 0 నుంచి 10

బాధపడుతున్న వ్యక్తికి, కాలేజీ కౌన్సెలర్‌కు, చికిత్స మధ్యలో మార్పు చూడాలనుకునే సైకాలజిస్టుకు ఎక్కువగా అక్కరకొచ్చేది చిన్న కార్డే. జేబులో పట్టే అట్టముక్క మీద ఇవి రాసుకుంటే చాలు:

1. నా ఒళ్లు, నా గొంతు నావి కానట్టు ఎంత అనిపించింది?
2. నన్ను నేను బయటనుంచి చూసుకుంటున్నట్టు ఎంత అనిపించింది?
3. చుట్టూ ఉన్నవి నిజం కానట్టు, తెర అవతల ఉన్నట్టు ఎంత అనిపించింది?
4. గాభరా ఎంత?
5. కళ్లు తిరగడం, తల తేలిపోవడం ఎంత?

మొదటి రెండింటి సగటు డీపర్సనలైజేషన్. మూడోది విడిగా. నాలుగు, ఐదు వీటితో కలపకూడదు. అవి పోల్చి చూసుకోవడానికే. కింద ‘ఎన్ని నిమిషాలు ఉంది’, ‘రాత్రి ఎన్ని గంటల నిద్ర’, ‘చివరిసారి ఎప్పుడు తిన్నారు’ అని ఖాళీలు వదలండి.

ఐదో ప్రశ్న ఎందుకంటే, గాభరాలో ఊపిరి వేగంగా, లోతుగా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, మెదడు రక్తనాళాలు కుంచించుకుంటాయి, తల తేలిపోతుంది, చేతులు చిమచిమలాడతాయి. దాన్నే చాలామంది ‘నేను నాలో లేను’ అని చెబుతారు. అన్నిసార్లూ 5 ఎక్కువగా ఉండి 1, 2 దానితోపాటే పెరుగుతూ తగ్గుతూ ఉంటే ముందు శ్వాస మీద పని చేయాలి. 5 తక్కువగా ఉన్నా 1, 2 ఎక్కువగా ఉంటే అది వేరే దారి. ఈ ఒక్క తేడా చికిత్సను మార్చేస్తుంది, అందుకే ఈ ప్రశ్నను వదలొద్దని గట్టిగా చెబుతున్నాం.

ప్రశ్నల్లో ‘అన్నట్టు’, ‘కానట్టు’ అన్న మాటలు ఊడిపోకుండా చూడండి. డీపర్సనలైజేషన్‌లో మనిషికి నిజం ఏమిటో తెలుస్తూనే ఉంటుంది. ‘అలా అనిపించిందా, నిజంగానే అలా అయిపోయారనుకున్నారా?’ అని అడిగినప్పుడు రెండోదే నిజమంటే కార్డు పక్కన పెట్టి మానసిక వైద్యుడికి చూపించాలి. టెక్కలి, మందస వైపు పెద్దవాళ్లకు పుస్తకాల తెలుగులో అడిగితే మర్యాదకు ‘ఊఁ’ అనేస్తారు. ‘నాను నాను కానట్టుంది’ అని వాళ్లనోటే వచ్చిన మాటను పట్టుకుని అదే మాటతో అడగండి. చదువు రానివారికి 0–10 బదులు నాలుగు మెట్లు చాలు: లేదు, కొంచెం, బాగా, తట్టుకోలేనంత.

వాచీలో గుండె వేగం చూస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. గుండె వేగం గాభరాను చూపుతుంది, ఈ అనుభూతిని చూపదు. పైగా డీపర్సనలైజేషన్ జబ్బున్నవారిలో బాధ కలిగించే బొమ్మలు చూపినప్పుడు చర్మపు విద్యుత్ స్పందన తగ్గినట్టు సియెర్రా బృందం 2002లోనే చూపింది. లోపల అంతా మొద్దుబారినవాడికి యంత్రం ‘ప్రశాంతంగా ఉన్నాడు’ అని చెప్పే ప్రమాదం ఉంది. ఆందోళనను కొలిచే చిన్న ప్రశ్నావళి జీఏడీ-7 కూడా ఇక్కడ చాలదు. ఆందోళన ఎంతో చెబుతుంది కానీ దాని ఏడు ప్రశ్నల్లో ఈ సంగతి ఒక్కటీ లేదు.

ఎప్పుడెప్పుడు అడగాలి

స్కేలు ఎంపికకన్నా ఎక్కువ ఫలితాలు చెడేది వేళ దగ్గర. నాలుగుసార్లు కొలవండి. వచ్చి పది నిమిషాలు స్థిమితంగా కూర్చున్నాక ఒకసారి. చేయాల్సిన పని చెప్పాక, మొదలవ్వకముందు రెండోసారి. ముగిసిన వెంటనే మూడోసారి. అరగంట తర్వాత నాలుగోసారి. మూడోసారి రెండు విధాలుగా అడగాలి: ‘ఇప్పుడు ఎంత?’, ‘ఇందాక ఎక్కువలో ఎక్కువ ఎంత?’. పని ముగియగానే కొందరికి అనుభూతి టక్కున పోతుంది. మొదటి ప్రశ్న ఒక్కటే అడిగితే సున్నా రాసుకుని వెళ్లిపోతారు.

పని జరుగుతుండగా మధ్యలో ఆపి అడగాలన్న కోరిక వస్తుంది. తప్పదనుకుంటే ఒకటి రెండు ప్రశ్నలే. ‘మీరు మీరేనా?’ అని పదేపదే అడిగితే చూపు లోపలికి తిరుగుతుంది, ఆ చూపే డీపర్సనలైజేషన్‌ను పెంచుతుంది. అప్పుడు కొలిచింది మన ప్రశ్న కలిగించిన ప్రభావాన్నే.

పరిశోధన కోసం గాభరా పుట్టించాలంటే 1993లో వచ్చిన ట్రియర్ సోషల్ స్ట్రెస్ పరీక్ష అందరూ ఒప్పుకున్న పద్ధతి. సిద్ధమవడానికి కొంత సమయం, తర్వాత ముఖంలో ఏ భావమూ చూపని కమిటీ ముందు 5 నిమిషాల ప్రసంగం, ఆపై 5 నిమిషాలు 1022 నుంచి 13 చొప్పున తీసివేత: 1009, 996, 983, ఇలా. తప్పితే మళ్లీ మొదటినుంచి. ఇక్కడ చేసేటప్పుడు ప్రసంగం తెలుగులోనా ఇంగ్లిషులోనా, అంకెలు ఏ భాషలో చెప్పాలో ముందే ఎంచుకోనివ్వండి. తెలుగు మీడియంలో చదివినవారిని ఇంగ్లిషులో మాట్లాడమంటే సిగ్గు, భాష బెరుకు కూడా కలిసిపోయి దేన్ని కొలిచామో చెప్పలేం. ఎథిక్స్ కమిటీ అనుమతి, ఎప్పుడైనా ఆపేయొచ్చన్న హామీ, ముగిశాక కమిటీవాళ్లు నవ్వుతూ పలకరించి ఇదంతా పరీక్షలో భాగమని చెప్పడం, ఈ మూడూ తప్పనిసరి. పానిక్, మూర్ఛ, గుండె జబ్బు ఉన్నవారిని ముందే పక్కన పెట్టాలి.

ఎవరు ఏది తీసుకోవాలి

ఎచ్చెర్ల, విజయనగరం యూనివర్సిటీల్లో డిసర్టేషన్ చేసేవారికి మా సలహా: మొదటిరోజు సీడీఎస్ పూర్తిది, సామాజిక భయం కోసం లీబోవిట్జ్ స్కేలు (24 సందర్భాలు, మొత్తం 144), పరీక్ష రోజు నాలుగు వేళల్లో కార్డు, ముందూ తర్వాతా క్యాడ్స్. డీఈఎస్ అక్కర్లేదు. కాలేజీ కౌన్సెలర్‌కు సీడీఎస్-2, అదనపు ప్రశ్న, కార్డు చాలు. తరగతిలో అందరికీ ఒకేసారి పంచకండి. పక్కవాడి కాగితం చూసి నింపుతారు, చదివాక ‘నాకూ ఉందేమో’ అన్న బెంగతో వెళతారు. ఆసుపత్రిలో సీడీఎస్, ముఖాముఖి ఇంటర్వ్యూ; ఇంట్లోవాళ్లు పక్కనుంటే, ముఖ్యంగా కొత్త కోడళ్లు, నిజం చెప్పరు కాబట్టి కాసేపు ఒంటరిగా. తమకు తామే చూసుకునేవారు కార్డు ఒక్కటే, రోజుకు ఒకసారికి మించకుండా, ఒకే రకం సందర్భంలో. ఒక్క రోజు అంకె పట్టుకుని కుంగిపోవద్దు. మూడు సందర్భాల సగటును మరో మూడింటి సగటుతో పోల్చండి.

అనువాదం చేసుకునేవారికి ఒక మాట. ఇద్దరు విడిగా తెలుగులోకి, మూల స్కేలు చూడని మరొకరు తిరిగి ఇంగ్లిషులోకి మార్చాలి. తర్వాత పదిమందికి చదివి వినిపించి ‘దీనర్థం ఏమనుకున్నారు?’ అని అడగాలి. ‘భావోద్వేగాల నుంచి విడిపోయినట్టు’ అంటే ఎవరికీ బోధపడదు. ‘ఏడుపు రావాల్సిన చోట కూడా ఏమీ అనిపించలేదు’ అంటే తెలుస్తుంది. ఇంత చేసినా ఇంగ్లిషు కటాఫ్ 70 ఇక్కడి మనుషులకు అతికినట్టు సరిపోతుందని రాయకండి. స్కోరు రాయండి, ముద్ర వేయకండి. 29 ప్రశ్నల స్కేలును గణాంకంగా పరీక్షించాలంటే ప్రశ్నకు ఐదు నుంచి పదిమంది చొప్పున 145 నుంచి 290 మంది కావాలి. ముప్ఫైమందితో అది కుదరదు.

స్కేలు ఆపి డాక్టరు దగ్గరకు వెళ్లాల్సినప్పుడు

నలభై దాటాక మొదటిసారి వస్తే, స్పృహ తప్పడం, నాలుక కొరుక్కోవడం, లేని వాసన తగలడం, ఒకవైపు బలహీనత, కొత్తరకం తలనొప్పి తోడైతే, రోజంతా వదలకపోతే. టెంపోరల్ లోబ్ మూర్ఛ (మెదడు పక్కభాగంలో మొదలయ్యే మూర్ఛ), మైగ్రేన్, చక్కెర పడిపోవడం, చెవిలో సమతుల్యం దెబ్బతినడం ఇలాగే ఉంటాయి. గంజాయి తర్వాత మొదలైందేమో తప్పకుండా అడగాలి, తిట్టకుండా అడగాలి. లేకపోతే దాచేస్తారు.

శ్రీకాకుళంలో రిమ్స్, రాగోలులో జెమ్స్, విజయనగరంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రి, నెల్లిమర్లలో మిమ్స్ దగ్గరగా ఉన్న బోధనాసుపత్రులు. విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి బయటపడినా ఏ కొలతా పూర్తిచేయనక్కర్లేదు. మనిషిని ఒంటరిగా వదలకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. వెళ్లేటప్పుడు నింపిన కార్డులన్నీ తీసుకెళ్లండి. ‘ఎప్పటినుంచి, ఎంతసేపు, దేని తర్వాత’ అన్న డాక్టరు మొదటి మూడు ప్రశ్నలకు జవాబు వాటిలోనే ఉంటుంది.